కిటికీ తొట్టిలో అడవి

నాగరికత అంటే మరేమీ కాదు, మొలకెత్తిన ప్రతిదానికీ ఒక నంబరు ఉండటం. ఈ సంగతి హరిత సంపద సంరక్షణ శాఖవారు కనిపెట్టేదాకా మనుషులు విత్తనాలు చల్లుకుని, నీళ్లు పోసుకుని, పూస్తే మురిసిపోయి, ఎండితే పీకి పారేసి, ఒక పద్ధతీ పాడూ లేకుండా బతికేశారు. శాఖ వచ్చాక ఆ అరాచకం ఆగింది. ‘పచ్చలెక్క’ అనే యాప్ వచ్చింది. వీధిలోంచి కనబడే ఏ కిటికీలో, ఏ గోడ మీద, ఏ గుమ్మం పక్కన పచ్చగా ఏది మొలిచినా ఫోటో తీసి నమోదు చేయించాలనే నియమం వచ్చింది. (గడ్డి సంగతి తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. అది ఇంతవరకు కూర్చోలేదు. అందాకా గడ్డి లేనట్టే లెక్క.)

ఆ నోటీసు ప్రతి భవనంలోనూ మెట్ల పక్కన అంటించారు. చూసినవాళ్లు చాలామంది. చదివినవాళ్లు కొందరు. ఆఖరి చుక్కదాకా చదివి, చదివింది చదివినట్టు పాటించినవాడు మాత్రం ఆ వీధి మొత్తానికి ఒక్కడే. మూడో అంతస్తులో ఉండే ప్రూఫ్‌రీడరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అచ్చుతప్పులు దిద్ది రిటైరైన మనిషి. మందు సీసా చీటీ దగ్గర్నుంచి బస్సు టికెట్టు వెనకాల షరతుల దాకా కంటబడ్డదేదీ పూర్తిగా చదవందే ఆయనకు ముద్ద దిగదు. ఇలాంటి మనుషుల్ని దృష్టిలో పెట్టుకునే ప్రభుత్వాలు నోటీసులు వేస్తాయి. మిగతా జనాభా అంతా అలంకారం.

ఆయనకీ విత్తనాలకీ అసలు సంబంధం లేదు. ఆ సరదా ఆయన భార్యది. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. ఏటా చలికాలం ముందు కిటికీ అంచున ఉన్న పొడుగాటి తొట్టిలో విత్తనాలు చల్లేది. ఏటా అది నిండుగా పూసేది. ఈ ఏడు స్నానాల గదిలో కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. లేచి నడవమని డాక్టర్లు చెప్పి పంపారు. ఆవిడ లేవలేదు. కసరత్తులు చేయించడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టుతో, "ఈ పాఠం నువ్వు పుట్టకముందే నేను వార్డు మొత్తానికి చెప్పాను నాయనా, వెళ్లిరా," అని, గోడవైపు తిరిగి పడుకుంది. ఎంతోమందిని మంచం దింపిన మనిషి, తను మాత్రం దిగనంది.

"ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఇక ఎప్పటికీ లేవరండీ," అన్నాడు ఆ ఫిజియోథెరపిస్టు గుమ్మం బయట నిలబడి, గొంతు తగ్గించి. ప్రూఫ్‌రీడరుకి ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ దొరకలేదు. చాలా భయం వేసింది.

"ఏం చేస్తే లేస్తావు?" అని అడిగాడు ఆవిణ్ణి, ఉండబట్టలేక.

"ఆ తొట్టి చూడండి, ఎంత బోసిగా ఉందో. దాంట్లో పెటూనియాలు పూస్తే అప్పుడు చూద్దాం లెండి," అంది ఆవిడ గోడతో.

మీరూ నేనూ అయితే దీన్ని మాట దాటేయడం అంటాం. ప్రూఫ్‌రీడరు దీన్ని ఒప్పందం అనుకున్నాడు.

వెంటనే వెళ్లి ఒక పొట్లం కొనుక్కొచ్చాడు. చింపి చూస్తే లోపల ఏమీ లేదు. కొట్టువాడు మోసం చేశాడని తిట్టుకుంటూ చదివే కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చూశాడు. మూలన కాస్త దుమ్ము కనబడింది.

"ఖాళీ పొట్లం ఇచ్చాడోయ్."

"అదే విత్తనం. తుమ్మకండి," అంది ఆవిడ. "గుప్పెడు పొడి ఇసకలో కలిపి చిటికెడు చల్లండి. పైన మట్టి కప్పకండి, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. పైనుంచి నీళ్లు పోశారంటే అన్నీ కొట్టుకుపోతాయి. తొట్టిని పళ్లెంలో పెట్టి పళ్లెంలో పొయ్యండి, అదే తాగుతుంది."

ఆయన అన్నీ అక్షరాలా చేశాడు, ఒక్క చిటికెడు తప్ప. కంటికి కనబడని దానిలో ఎంత పడిందో, ఎంత పడలేదో తెలియక, ఎందుకైనా మంచిదని పొట్లం మొత్తం దులిపేశాడు. వారం తిరగ్గానే తొట్టికి పచ్చటి నూగు గడ్డం వచ్చింది. ఆవిడ గోడవైపు నుంచి ఇటు తిరిగి దాన్ని చూసింది. ఆపరేషన్ తర్వాత అటు నుంచి ఇటు తిరగడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో ఆయన చేయకూడని పని చేశాడు. మెట్ల దగ్గర నోటీసు గుర్తొచ్చి, తొట్టిని ఫోటో తీసి యాప్‌లో పెట్టాడు.

యాప్ కాసేపు గిరగిరా తిరిగింది. ఆ తర్వాత సన్నాయి లాంటి చప్పుడుతో సమాధానం ఇచ్చింది. "అభినందనలు. మీ పేరున నాలుగు వందల పదహారు చెట్లు నమోదయ్యాయి. ఇకపై మీరు అటవీ యజమాని, ద్వితీయ శ్రేణి."

(చట్టంలో చెట్టుకి నిర్వచనం స్పష్టంగానే ఉంది. "వేరు, కాండము, ఆకు కలిగి, నిలువుగా పెరుగునది." మొక్క అనే మాట చిత్తుప్రతిలో ఉండేదట. రెండు మాటలుంటే రెండు విభాగాలు, రెండు కార్లు కావాల్సి వస్తుందని ఆర్థిక విభాగం కొట్టేసింది.)

మర్నాడు ఆవిడ మోచేతి మీద కాస్త లేచి తొట్టిలోకి చూసింది.

"బాగా ఒత్తుగా మొలిచాయి. ఇలా వదిలేస్తే గాలాడక కాడ దగ్గర కుళ్లి అన్నీ పడిపోతాయి. బెత్తెడుకి ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యండి."

"పీకకూడదు."

"ఎందుకని?"

"అవి చెట్లు."

"ఎవరన్నారు?"

"శాఖవారు. నిన్న రిజిస్టరు చేయించాను. ఇప్పుడు పీకితే అక్రమ నరికివేత కింద వస్తుంది."

"పోనీ కొన్ని తీసి వేరే కుండీల్లో నాటండి."

"అది చెట్ల తరలింపు. దానికి వేరే అనుమతి తీసుకోవాలి."

"మీతో ఇన్నేళ్లు ఎలా వేగానో నాకే తెలీదు," అంది ఆవిడ. తిట్టడానికి కూడా ఓపిక చేసుకోవడం ఆవిడ మానేసి చాలాకాలమైంది గనక, ఆ మాట ఆయన చెవికి తియ్యగానే వినిపించింది. చొక్కా తొడుక్కుని శాఖ కార్యాలయానికి బయలుదేరాడు.

కార్యాలయం హాల్లో నాలుగు మూలలా ప్లాస్టిక్ మొక్కలున్నాయి. (నిజమైనవి పెడితే నమోదు చేయించాలి.) ‘నరికివేత, తరలింపు’ అని రాసి ఉన్న కిటికీ వెనకాల గుమాస్తా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఎన్ని చెట్లండీ?"

"దాదాపు నాలుగు వందలు తీసెయ్యాలండీ."

గుమాస్తా తలెత్తాడు. "కలప వ్యాపారమా?"

"కాదండీ, కిటికీ. నిజానికి కొన్ని తీసి వేరే చోట పెట్టినా చాలు."

"తరలింపైతే క్రేన్ నంబరు రాయాలి."

"క్రేన్ లేదండీ. చెంచాతో తీస్తాం."

గుమాస్తా కాసేపు ఆలోచించాడు. ఆయన దయగలవాడు కాబట్టే ఆలోచించాడు. "చెంచాకి మా దగ్గర గడి లేదండీ. నరికివేతకే పెట్టుకోండి. ఇన్‌స్పెక్టరు గారొచ్చి కొలతలు తీసుకుంటారు."

"ఎప్పుడొస్తారు? ఆలస్యమైతే అవి చచ్చిపోతాయండీ."

"చచ్చిపోతే ఇక్కడికి రాకండి. చావులు పై అంతస్తు."

ఇన్‌స్పెక్టరు అనుకున్నదానికన్నా త్వరగానే వచ్చాడు. ఒకే ఇంట్లో నాలుగు వందల చెట్లు అనేసరికి శాఖలో అందరికీ ఆసక్తి పుట్టిందట. భారీ మనిషి. ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో తెల్ల రంగు డబ్బా, జానెడు వెడల్పు బ్రష్షు. రంగు దేనికని అడిగితే, ప్రతి చెట్టు మానుకీ నంబరు వేయాలన్నాడు. తొట్టిని చూశాక బ్రష్షు నెమ్మదిగా వెనక్కి దాచుకున్నాడు.

కొలతలకి మాత్రం మినహాయింపు లేదు. "చెట్టు చుట్టుకొలతను కొలుచు అధికారి రొమ్ము ఎత్తున తీసుకొనవలెను" అని చట్టం. ఇన్‌స్పెక్టరు కిటికీ ముందు నిటారుగా నిలబడి తన రొమ్ము ఎత్తున టేపు పట్టుకున్నాడు. అక్కడ కర్టెన్ తప్ప ఏమీ లేదు.

"ఈ ఎత్తులో చెట్టు లేదు," అన్నాడు.

"ఇంకా అంత పెరగలేదండీ."

"పెరగలేదో, నరికేశారో నాకెలా తెలుస్తుంది? ఈ ఎత్తులో చెట్టు లేకపోతే నరికినట్టే రాయాలి. నాలుగు వందల పదహారు కేసులు."

ప్రూఫ్‌రీడరు చట్టంలోని ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు చదువుకున్నాడు. "మీ రొమ్ము ఎత్తున అనే ఉంది గానీ, మీరు నిలబడి ఉండాలని ఎక్కడా లేదండీ," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి చట్టం తీసి చూసుకున్నాడు. లేదు. తొట్టిని నేల మీద పెట్టించి, దాని పక్కన బోర్లా పడుకున్నాడు. ఇప్పుడు ఆయన రొమ్మూ పెటూనియా రొమ్మూ సమానంగా వచ్చాయి. వెంట్రుకంత కాడ చుట్టూ ఇనప టేపు తిప్పడం తేలిక కాదు. అయినా ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటీ కొలుస్తూ, "సున్నా కన్నా ఎక్కువ... సున్నా కన్నా ఎక్కువ..." అని ఫోనులో చెప్పుకుంటూ పోయాడు. డజను దాటాక నడుం పట్టేసింది. లేవబోయాడు. లేవలేకపోయాడు. ప్రూఫ్‌రీడరు కంగారుగా చంకల్లో చేతులు వేసి లాగబోయాడు.

"లాగకండి," అంది మంచం మీంచి ఆవిడ. వార్డంతా వినిపించే గొంతు అది. "ఏం పర్లేదు నాయనా. గట్టిగా ఊపిరి వదులు. ఒక పక్కకి ఒత్తిగిలు. మోకాళ్లు ముడుచుకో. ఇప్పుడు మోచెయ్యి ఆనించి, నెమ్మదిగా, బరువంతా దానిమీద వేసి లే. తొందరేం లేదు."

ఇన్‌స్పెక్టరు చెప్పింది చెప్పినట్టు చేసి లేచి కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే చేసుకోమని ఆవిడ మరో మూడు కసరత్తులు చెప్పింది. ఫిజియోథెరపిస్టు ఆవిణ్ణి చెయ్యమన్నవీ, ఆవిడ చెయ్యనన్నవీ సరిగ్గా అవే. మాట వినే పేషెంటు దొరికి చాలా ఏళ్లయిందేమో, ఆవిడ మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు కృతజ్ఞత తెలిసినవాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, "అమ్మా, ఒక్క మాట," అన్నాడు. "అనుమతి కోసం చూడకండి. అది పైవాళ్లు ఇవ్వరు. మీరు పీకేరనుకోండి, నేను చూడను. ఒకసారి ఎక్కాక సంఖ్య తగ్గించే బటన్ మా యాప్‌లోనే లేదు. మా శాఖలో చెట్లు పెరగడమే గానీ తగ్గడం ఉండదు."

ఆ మధ్యాహ్నమే కర్టెన్ వేసి పని మొదలుపెట్టారు. గాయాలకి కట్టు కట్టేటప్పుడు వాడే సన్న పట్టకారు ఆవిడ పెట్టెలో ఉంది. ప్రూఫ్‌రీడరు దానితో ఒక మొలకని పీకాడు. జీవితంలో నియమం మీరడం అదే మొదలు కావడంతో దాన్ని మళ్లీ ఉన్నచోటే గుచ్చేశాడు.

"ఇలా తెండి. మీవల్ల కాదు," అంది ఆవిడ.

తొట్టిని ఒళ్లో పెట్టుకోవాలంటే కూర్చోవాలి. ఆవిడ కూర్చుంది. మొదట నొప్పితో పళ్లు బిగించింది, తర్వాత మొలకల ధ్యాసలో పడి నొప్పి సంగతి మరిచిపోయింది. బలంగా ఉన్నది ఉంచి, పక్కవి పీకుతూ వచ్చింది. ఆయన వీపుకి దిండ్లు పెట్టి పక్కన నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. వచ్చినదాన్ని ఆపుకోలేదు.

"ఏమిటండీ, మొలకల కోసమా?"

"అవును," అన్నాడు ఆయన.

ఆ పూట వారి ఇంట్లో నాలుగు వందల చెట్లు నేలకూలాయి. కలపనంతా ఒక కాగితంలో చుట్టి, వంటింటి చెత్తబుట్టలో ఉల్లిపాయ తొక్కల కింద దాచాడాయన. చెత్తబండి వచ్చి తీసుకెళ్లేదాకా ప్రాణం కుదుటపడలేదు.

మిగిలిన పదహారూ ఊపిరి పీల్చుకుని లావెక్కాయి. కాస్త ఎదిగాక ఆవిడ వాటి కొసలు గిల్లేసింది. ఎదిగేదాని తల తుంచడమేమిటని ఆయన బాధపడ్డాడు. "తుంచితేనే పక్కలకి గుబురుగా వస్తాయి. లేకపోతే మీలా పొడుగ్గా, వట్టి కాడలా ఉంటాయి," అంది ఆవిడ. ఎగతాళి చేసే ఓపిక కూడా తిరిగొచ్చిందని ఆయన పొంగిపోయాడు. ఫిజియోథెరపిస్టుని మళ్లీ పిలిపించారు. ఈసారి ఆవిడ అతన్ని వెనక్కి పంపలేదు. అతను చేయించే పద్ధతిలో తప్పులు మాత్రం పట్టింది.

చలి ముదిరాక తొట్టి పూసింది. ఊదా, తెలుపు, మధ్యలో గులాబి, అంచుల మీంచి కిందికి జారుతూ కిటికీ నిండా పూసింది. ఆవిడ వాకర్ పట్టుకుని మంచం దిగి, ఆగి ఆగి, కిటికీ దాకా నడిచింది. వాడిన పువ్వు ఒకటి తుంపింది. పూల మీదుగా వీధిలోకి చూసింది. వీధికి రెండు వైపులా పెద్ద పెద్ద చెట్లు, కొమ్మలు పైన కలిసిపోయి, కింద ఒకటే నీడ.

"బయట నడవమన్నాడుగా అబ్బాయి. ఎండ నాకు పడదు. కింద ఆ నీడలో రోజూ మూల మలుపు దాకా నడుస్తాను. మీరు పక్కనుంటే చాలు," అంది.

ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. పొద్దున్నే రంపాల చప్పుడుకి మెలకువ వచ్చింది.

కిందికి పరుగెత్తాడు. మొదటి చెట్టు అప్పటికే రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. మనుషులు రెండోదానికి తాళ్లు కడుతున్నారు. పక్కన టేపు పట్టుకుని కొలతల ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఈయన్ని చూడగానే మొహం విప్పారింది.

"రండి సార్, రండి. నడుం పూర్తిగా తగ్గిపోయింది. అమ్మగారు చెప్పినవి రోజూ చేస్తున్నాను."

"ఇవెందుకు కొడుతున్నారు? అనుమతి ఉందా?"

"భలేవారే. అనుమతి లేకుండా కొట్టనిస్తామా? రోడ్డు వెడల్పు పని ఎప్పట్నుంచో ఆగిపోయింది సార్. ఒక పెద్ద చెట్టు కొట్టాలంటే ఆ చుట్టుపక్కల పది కొత్త చెట్లు పెంచి ఉండాలని మా రూలు. చాలా కఠినమైన రూలు. ఇంతవరకు ఎవరూ పెంచలేదు." ఇన్‌స్పెక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీరు పెంచారు. నాలుగు వందల పదహారు. అంటే నలభై ఒక్క చెట్టు కొట్టుకోవచ్చు. ఇక్కడున్నవి ముప్పై ఎనిమిదే. మిగిలిన మూడూ పక్క వీధికి వాడుకుంటాం, మీకు అభ్యంతరం లేకపోతే."

ప్రూఫ్‌రీడరు తన కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "అవి పెటూనియాలండీ. ఎండాకాలం రాగానే చచ్చిపోతాయి."

"రికార్డులో చావవు సార్."

అప్పుడాయన తన జీవితంలో ఎన్నడూ అనుకోని మాట ఒకటి నడివీధిలో గట్టిగా అన్నాడు. "అవి లేవండీ. నేను నరికేశాను. నాలుగు వందల చెట్లు, అనుమతి లేకుండా, నా చేతులతో. నా మీద కేసు పెట్టండి. పెట్టి ఇది ఆపండి."

(పట్టకారు పట్టింది ఆయన చెయ్యి కాదు. ఆ వాక్యంలో అదొక్కటే తప్పు. ఆయన కావాలనే దిద్దలేదు.)

ఇన్‌స్పెక్టరు జాలిగా చూశాడు. "మీరు నరకలేదు సార్. నరకాలంటే అనుమతి కావాలి. మీకు మేము ఇవ్వలేదు. ఇవ్వనప్పుడు మీరెలా నరుకుతారు? యాప్‌లో చూడండి, అన్నీ ఉన్నాయి," అని ఫోను తీసి చూపించాడు. నాలుగు వందల పదహారూ పచ్చటి చుక్కలై, ఆయన ఇంటి మీద ఒక ముద్దగా వెలుగుతున్నాయి.

పని సాయంత్రానికల్లా అయిపోయింది. శాఖ ఏ పనైనా ఒక్కరోజులో పూర్తి చేయడం ఆ వీధివాళ్లు చూడటం అదే మొదటిసారి. ఇరుగుపొరుగు ప్రూఫ్‌రీడరుని పలకరించడం మానేశారు.

మర్నాడు ఉదయం ఆవిడ ఎవరు చెప్పినా వినకుండా వాకర్‌తో కిందికి దిగింది. నడుస్తానన్నాను, నడుస్తాను అంది. వీధి నిండా తెల్లటి ఎండ. మూల మలుపు కొత్తగా చాలా దూరం జరిగినట్టు కనబడింది. నాలుగైదు మొద్దులు దాటేసరికి ఆవిడకి కళ్లు తిరిగాయి. ఆయన గాభరాగా పట్టుకుని ఒక మొద్దు మీద కూర్చోబెట్టాడు. తన చొక్కా అంచు ఆవిడ తల మీద అడ్డం పెట్టి, రెండో చేత్తో ఫోను తీసి, పైకి చదువుకుంటూ, యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. "నా భార్యకి తుంటి విరిగి ఇప్పుడిప్పుడే నడుస్తోంది. మా వీధిలో నిలబడటానికి కూడా నీడ లేదు. దయచేసి ఏదైనా చేయండి."

అచ్చుతప్పులున్నాయేమో చూడకుండా ఆయన పంపిన మొదటి వాక్యాలు అవి.

"శాఖవాళ్లు ఏమన్నా చేస్తారంటారా?" అంది ఆవిడ కళ్లు మూసుకునే.

సన్నాయి మోగింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, అలవాటు ప్రకారం మొత్తం చదివాడు.

"ప్రియమైన అటవీ యజమాని గారికి. మీ ఫిర్యాదు పరిశీలించి పరిష్కరించడమైనది. నీడ కావలసినవారు తమ పేరున నమోదైన చెట్ల కింద కూర్చోవచ్చును."